మా అక్కని టైపుకిచ్చాను

నా మొదటి నవల ఏదని ఎవరైనా అడిగితే అచ్చయిన వాటిలో మొదటిదాని పేరు చెప్పి ఊరుకుంటాను. అడిగినవాళ్ళకి అది చాలు. దానికి ముందు ఇంకొకటి ఉంది. మూడు వందల చిల్లర పేజీలు. దాని కార్బన్ ప్రతి ఇప్పటికీ నా ట్రంకుపెట్టె అడుగున పడి ఉంది. అది ఎందుకు అచ్చు కాలేదో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోదగ్గ పని కాదు నేను చేసింది.

డెబ్భైల చివరి సంవత్సరాలవి. నేను నర్సీపట్నంలో ఒక ఆఫీసులో గుమాస్తాని. మా అక్క ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతి టీచరు. నాకంటే పదేళ్ళు పెద్దది. అమ్మా నాన్నా ఏడాది తేడాలో పోయాక నన్ను చదివించి, ఉద్యోగంలో పడేదాకా వెనకుండి తోసింది ఆవిడే. పెళ్ళి చేసుకోలేదు. చర్చి వెనక వీధిలో రెండు గదుల పెంకుటింట్లో ఇద్దరమే ఉండేవాళ్ళం.

నేను కథలు రాసేవాణ్ణి. నాలుగైదు అచ్చయ్యాయి కూడా. అచ్చయిన పత్రికని అక్క బడికి పట్టుకెళ్ళి తోటి టీచర్లందరికీ చూపించేది. సాయంత్రానికి అట్ట నలిగిపోయి ఇంటికొచ్చేది ఆ పత్రిక. నేను విసుక్కుంటే నవ్వేసేది.

అలాంటి రోజుల్లో ఒక వారపత్రికలో ప్రకటన పడింది. మామూలు నవలల పోటీ కాదది. ఇంతవరకూ నవల అచ్చు కానివాళ్ళు తమ రాతప్రతి మొత్తం పంపాలి. అందులోంచి నలుగురిని ఎంచుతారు. ఆ నలుగురినీ పేరున్న ఒక నవలాకారుడు ఏడాదిపాటు విజయవాడ రప్పించుకుంటూ, దగ్గర కూర్చోబెట్టుకుని, రాసింది తిరగరాయిస్తాడు. ఆ తరవాత పత్రిక దాన్ని సీరియల్‌గా వేస్తుంది. ఆ ప్రకటన చదివాక నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. మా ఊళ్ళో రాసింది బాగుందో లేదో చెప్పే దిక్కు లేదు. ఆఫీసులో హెడ్‌క్లర్కు నా కథ చదివి, "బానే ఉందయ్యా, మరి దీనివల్ల ఏటి లాభం" అన్నాడు. అంతకంటే పెద్ద విమర్శ నేను ఎరగను. నాకు గురువు కావాలి. ఆ నలుగురిలో నేనుండాలి. అంతకుమించి నాకేమీ కనపడలేదు.

నవల అప్పటికే సగం అయింది. అది దేని గురించో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

మా అక్కకి పెద్దరోగం వచ్చి తగ్గింది. కుష్టు అనే మాట మా ఇంట్లో ఎన్నడూ పైకి అనలేదు గనక, ఇప్పుడు రాయడానికి కూడా చెయ్యి వెనకాడుతోంది. ఇరవై నాలుగేళ్ళ వయసులో ఎడమ మోచేతి కింద ఒక మచ్చ పుట్టింది. గిల్లితే తెలిసేది కాదు. ఊళ్ళో చూపిస్తే సంగతి పదిమందికీ పాకుతుందని విజయనగరం అవతల ఒక ఆసుపత్రికి వెళ్ళేది. నెలకో శనివారం, పిన్నిగారింటికని చెప్పి బస్సెక్కేది. అక్కడ మాకు ఏ పిన్నీ లేదు. ఆరేళ్ళు మాత్రలు మింగింది. ఇక నీకేమీ లేదమ్మా, నీవల్ల ఇంకొకరికి వచ్చేదీ లేదని డాక్టరు చెప్పాడు. మిగిలిందల్లా ఎడమచేతి చివరి రెండు వేళ్ళకి స్పర్శ లేకపోవడమే. పొయ్యి మీది గిన్నె మసిగుడ్డ లేకుండా దించేసి, కమురు వాసన వస్తే అప్పుడు చెయ్యి చూసుకునేది. అందుకే రోజూ సాయంత్రం వెలుగుండగా గుమ్మంలో కూర్చుని, దెబ్బలేమైనా తగిలాయేమోనని చేతులూ పాదాలూ తిప్పి తిప్పి చూసుకునేది. ఈ సంగతి ఊరు మొత్తం మీద ఇద్దరికే తెలుసు, ఆవిడికీ నాకూ.

నా నవల ఆవిడ గురించి. ఆ మాట మాత్రం ఆవిడికి చెప్పలేదు.

ఏమీ మార్చకుండా రాసేటంత మూర్ఖుణ్ణి కాను. పేరు మార్చాను. ఊరిని గోదావరి ఒడ్డుకి చేర్చాను. చర్చి తీసేసి రామాలయం పెట్టాను. అక్కని చెల్లెలిగా మార్చాను. ఇంత చేశాక ఎవరు పోలుస్తారులే అనుకున్నాను. నేను మార్చనివి వేరే ఉన్నాయి, అవి నాకు కనపడలేదు. పిల్లవాడు ఎక్కం తప్పు చెబితే అక్క ఎప్పుడూ తప్పు అనేది కాదు, "మళ్ళీ ఓసారి అడుగుదాం" అనేది. వానపడే రోజున బడి వదిలాక, తన గొడుగు కింద ఇద్దరిద్దరిని రోడ్డు దాటించి మళ్ళీ వెనక్కి వచ్చి ఇంకో ఇద్దరిని పట్టుకెళ్ళేది. తరగతిలో ఏడ్చే పిల్లకి బల్ల సొరుగులోంచి అటుకులు పెట్టేది. అవన్నీ నవల్లోకి అలాగే దిగిపోయాయి. నా రాతలో ప్రాణమున్న పేజీలంటూ ఉంటే అవే.

అక్క ఒక్కసారే అడిగింది, "ఏట్రా, నాకు సదవనివ్వవా" అని. "అచ్చయ్యాక చదువుదువుగాని" అన్నాను. "సరే, బేగి అచ్చు చేయించుకో మరి" అని ఊరుకుంది. పేజీలు చెదిరిపోకుండా పుస్తకాలుగా కుట్టిపెట్టింది మాత్రం తనే. కుట్టేటప్పుడు ఒక్క వాక్యమైనా చూసి ఉండదు. చదవొద్దంటే చదవని మనిషి.

రాతప్రతి టైపు చేయించి రెండు ప్రతులు పంపాలని షరతు పెట్టారు. చేత్తో రాసినవి చూడరట. ఊళ్ళో తెలుగు మిషన్లున్నది ఒక్క టైపు ఇన్‌స్టిట్యూట్‌లోనే, అవీ రెండే. మాస్టారు నాకు తెలిసినవాడే. నా కట్టలు చూసి తల గోక్కున్నాడు. ఆయనొక్కడే కొట్టాలంటే గడువుకి కాదు. ఆలోచించి ఒక ఉపాయం చెప్పాడు. అక్కడ టైపు లోయరు పరీక్షకి తయారవుతున్న పిల్లలు ఎలాగూ రోజూ గంట సేపు ఏదో ఒకటి కొట్టాలి. పాత పాఠాలే కొట్టి కొట్టి వాళ్ళకీ విసుగొచ్చింది. నా నవలే పాఠంగా ఇచ్చేస్తే బ్యాచీకి రెండు మూడు పేజీల చొప్పున సాగిపోతుంది. తప్పులు పడ్డ కాగితాలు ఆయన మళ్ళీ కొట్టిస్తాడు.

"వాళ్ళు చదివేస్తారేమో మాస్టారూ" అన్నాను.

"టైపు కొట్టీవోడికి అచ్చరాలే కనపడతాయి బాబూ, అర్దం బుర్రకెక్కదు" అన్నాడు.

అది ముప్ఫై ఏళ్ళు మిషను మీద వేళ్ళు ఆడించినవాడి అనుభవం. నిజమే అయ్యుంటుంది, ఆయన వేగానికి. నేర్చుకునే పిల్లలు నిమిషానికి నాలుగైదు మాటలు కూడా కొట్టలేరని, ఒక్కో మాటనీ కూడబలుక్కుని, పైకి చదువుకుని మరీ కొడతారని ఆయనకీ తట్టలేదు, నాకూ తట్టలేదు. నాకు తట్టాలి. నేను తట్టనివ్వలేదేమోనని ఇప్పుడు అనిపిస్తుంది.

అక్క కుట్టిన దారాలు నేనే విప్పి, పేజీలన్నీ విడదీసి ఆయనకిచ్చాను.

పని జోరుగా సాగింది. మాకవరపాలెం నుంచి సైకిల్ మీద వచ్చే ఇద్దరు కుర్రాళ్ళు, నాతవరం బస్సులో వచ్చే ఒక అమ్మాయి, ఊళ్ళో పిల్లలు ఒక పదిమంది. తలా ఒక ముక్క. ఎవరికీ కథ మొత్తం అందదు గదా అని నేను ధీమాగా ఉన్నాను. రోజూ ఆఫీసు అవగానే అక్కడికెళ్ళి, కొట్టిన కాగితాలు సరిచూసుకుని, నా వాక్యాలు అచ్చులాంటి అక్షరాల్లో చూసి మురిసిపోయి ఇంటికొచ్చేవాణ్ణి.

గడువు ఇంకా ఎనిమిది రోజులుందనగా ఒక అమ్మాయి మిషను దగ్గరనించి లేచొచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"సార్, ఇది మా టీచరమ్మ గారి గురించే కదండీ? మూడో తరగతి మాకు ఆవిడే సెప్పేరు. మళ్ళీ ఓసారి అడుగుదాం అనీవారు. గొడుగు కూడా రాసేరండి మీరు. నాను సదివీసి అందరికీ సూపించేను."

ఆ ఇన్‌స్టిట్యూట్‌లో సగం మంది మా అక్క దగ్గర మూడో తరగతి చదివినవాళ్ళే. ఇంత తేలిక లెక్క నాకు రెండు నెలల్లో ఒక్కసారీ తోచలేదు. బడి పేజీలు కొట్టినవాళ్ళు ఆవిణ్ణి పోల్చి సంబరపడ్డారు. మా టీచరు కథలోకి ఎక్కిందని, ఆవిడ ముక్కలు ఎవరెవరి దగ్గరున్నాయో వెతుక్కుని, పేజీ నంబర్ల వరసన పెట్టుకుని చదివారు. ఆ వరసలో ఆసుపత్రి పేజీలు కూడా ఉన్నాయి. మచ్చ, శనివారం బస్సు, లేని పిన్ని, అన్నీ ఉన్నాయి. ఆ అమ్మాయి ఇంకా అంతవరకూ రాలేదు.

నేను చెయ్యాల్సిన పని ఆ క్షణాన తెలుసు. కాగితాలన్నీ లాక్కుని ఇంటికి పోవాలి. నవల పోతే పోయింది. నాకు అంత తెలివి ఉంది, అది లేదని అబద్ధం చెప్పను. కానీ ఇంకా నలభై పేజీలు మిగిలాయి. ఎనిమిది రోజుల్లో అవి కొట్టే దిక్కు ఇంకెక్కడా లేదు. "కాదమ్మా, అంతా కల్పితం, ఎవరితోనూ అనకు" అన్నాను. "సెప్పనండి" అంది. నలభై పేజీలూ అక్కడే వదిలేసి వచ్చాను. అవి పూర్తయ్యాయి. రాతప్రతితోపాటు హామీ పత్రం ఒకటి పంపాలి. ఇది నా సొంత రచన, పాత్రలూ సంఘటనలూ పూర్తిగా కల్పితం అని రాసి, కింద సంతకం చేసి, పోస్టాఫీసులో రిజిస్టరు చేశాను.

మాట పాకడానికి మూడు వారాలు పట్టింది. మొదట బడిలో ఇద్దరు తల్లులు పిల్లల్ని వేరే సెక్షనుకి మార్చమన్నారు. తరవాత సొరుగులో అటుకులు అలాగే మెత్తబడిపోయాయి, పిల్లలు తీసుకోవడం లేదు. అక్కకి ఏమీ అర్థం కాలేదు. "ఈ పిల్లలికి ఏటయ్యిందిరా, దగ్గరికెలితే జరిగిపోతన్నారు" అంది నాతో, కూర వడ్డిస్తూ. నేను తెలియనట్టు తల వంచుకుని అన్నం తిన్నాను.

ఒకరోజు బడి యజమాని పిలిచి అడిగాడు. అక్క అబద్ధం ఆడలేదు. తగ్గిపోయి ఎన్నో ఏళ్ళయిందని చెప్పింది. ఆయన మంచిగానే మాట్లాడాడట. మీవల్ల ఎవరికీ ప్రమాదం లేదని డాక్టరు దగ్గర కాగితం పట్టుకురండి, తల్లిదండ్రులకి చూపించి నేను సర్దిచెబుతానన్నాడు. అక్క శనివారం బస్సెక్కి, ఈసారి పిన్నిగారి పేరు చెప్పకుండానే వెళ్ళి, కాగితం తెచ్చింది. డాక్టరు గుండ్రటి అక్షరాలతో, ముద్ర వేసి, వ్యాధి పూర్తిగా నయమైందని రాశాడు. ఆ కాగితం బడిలో నోటీసు బోర్డుకి అంటించారు. అందరి ధైర్యం కోసమే అంటించారు. అంతవరకూ ఆ పుకారు నమ్మనివాళ్ళు కూడా అది చూసి నమ్మారు. రోగం నయమైందంటే రోగం ఉండేదనే గదా. ఎంత పిచ్చివాళ్ళమంటే, కాగితం తెమ్మన్న ఆయనకీ, తెచ్చిన ఆవిడికీ, రాసిచ్చిన డాక్టరుకీ, బస్టాండు దాకా సాగనంపిన నాకూ ఇది ముందు తోచలేదు. నెల తిరగకుండా అక్క ఉద్యోగం పోయింది.

చర్చిలో ఇంకోలా జరిగింది. మా సంఘంలో నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల. అప్పట్లో అందరికీ ఒకటే గిన్నె, ద్రాక్షరసం ఒకరి తరవాత ఒకరు అందుకుని తాగేవారు. ఆ ఆదివారం అక్క తాగి గిన్నె పక్కకి ఇచ్చింది. పక్కావిడ అందుకోలేదు. గిన్నె అక్క చేతిలో అలాగే ఉంది. పాట అయిపోవచ్చింది. చివరికి పాస్టరు అయ్యగారు దిగొచ్చి గిన్నె తీసుకుని, అంచు తుడిచి, అవతలి వరసకి పట్టుకెళ్ళారు. మర్నాడు సంఘ పెద్ద ఒకాయన ఇంటికొచ్చి, "తప్పుగా అనుకోకమ్మా, ఇకనుంచి నువ్వు గిన్నె అందరికంటే ఆకర్న తీసుకుంటే బాగుంటాది" అన్నాడు. అక్క ఆయనకి టీ ఇవ్వబోయి, ఆగి, "తాగుతారాండీ" అని అడిగింది. ఆయన పనుందని వెళ్ళిపోయాడు.

ఇదంతా ఎక్కణ్ణుంచి బయటికి వచ్చిందో అక్క అడగలేదు. ఆసుపత్రిలో మా ఊరివాళ్ళెవరో చూసుంటారని తనకి తనే సమాధానం చెప్పుకుంది. నేను దాన్ని ఖండించలేదు.

ఆ స్థితిలో పత్రికనుంచి ఉత్తరం వచ్చింది. నలుగురిలో నేనొకణ్ణి. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ ఉత్తరం చదివినప్పుడు నాకు ఆనందమే కలిగింది. మిగతావన్నీ ఒక పావుగంట సేపు పూర్తిగా మరిచిపోయాను. అక్క నాకంటే సంతోషించింది. ఎన్నో రోజుల తరవాత చీర మార్చుకుని వీధిలోకి వెళ్ళి మిఠాయి కొనుక్కొచ్చింది. పంచడానికి మాత్రం ఎవరింటికీ వెళ్ళలేదు. ఇద్దరమే తిన్నాం.

విజయవాడలో ఆ పెద్దాయన వరండాలో రెండు రోజులు కూర్చున్నాను. ఆయన నా ప్రతి పేజీనీ చదివి, మార్జిన్‌లో ఎర్ర పెన్సిల్ గీతలు గీసి ఉంచాడు. నా రాతని అంత శ్రద్ధగా చదివిన మనిషి అంతకుముందు లేడు, ఆ తరవాత కూడా లేడు. మొదటి సగం బాగుందన్నాడు. రెండో సగం ఒప్పుకోనన్నాడు. నా నవల్లో రహస్యం బయటపడ్డాక ఊరివాళ్ళు ముందు భయపడతారు, తరవాత సిగ్గుపడతారు, చివర్లో బడి వార్షికోత్సవంలో ఆ టీచరుకి దండ వేస్తారు.

"ఊరు అలా చేస్తుందా? మీరెక్కడైనా చూశారా?" అని అడిగాడు.

"లేదండీ" అన్నాను.

"మరి చూసి రాయండి. అలాంటి మనిషికి నిజంగా ఏం జరుగుతుందో కనుక్కోండి. దగ్గరుండి చూడండి. నాలుగు నెలలు టైమిస్తాను."

ఆయన తప్పేమీ లేదు, సరైన మాటే చెప్పాడు. నేను ఆ వరండాలో తల వంచుకుని "అలాగేనండీ" అన్నాను. రైల్లో వస్తున్నంతసేపూ గిన్నె అందుకోని పక్కావిడ చెయ్యి, అయ్యగారు అంచు తుడిచిన గుడ్డ, అన్నీ వాక్యాలుగా తయారవుతూ వచ్చాయి. నర్సీపట్నం రోడ్డు స్టేషన్లో దిగేసరికి మొదటి పేరా సిద్ధంగా ఉంది. నన్ను చూసి నాకే వెగటు పుట్టింది.

ఇంటికొచ్చేసరికి అక్క గుమ్మంలో కూర్చుని ఉంది. ఒళ్ళో నా కార్బన్ ప్రతి. ఎంపికైంది గదా, ఇక అచ్చయినట్టేనని తీసి చదివింది. పక్కన చదివేసిన కట్ట, చేతిలో చివరి పేజీలు. నేను చెప్పుల్లోనే నిలబడిపోయాను.

"దీన్ని ఎక్కడ టైపు కొట్టించేవు?" అంది.

చెప్పాను. మాస్టారి ఉపాయం, పిల్లలు, ఆ అమ్మాయి వచ్చి అడగడం, నలభై పేజీలు, అన్నీ చెప్పేశాను. ఏడిచాను కూడా. అక్క ఏడవలేదు. కాగితాల అంచులు నేలకేసి కొట్టి సమంగా సర్దింది.

"బాగా రాసేవు. ఆ గొడుగు సంగతి నేనే మర్సిపోయేను" అంది. చివరి పేజీ పైకి తీసి, "ఆ దండ మాత్రం తీసెయ్యి. అలాగ ఎవలూ వెయ్యరు" అంది.

నేను ఇక దీన్ని రాయనన్నాను. పత్రికవాళ్ళకి వద్దని ఉత్తరం రాసేస్తానన్నాను. అప్పుడు కోపం వచ్చింది ఆవిడికి. మా ఇద్దరి బతుకులోనూ ఆవిడ నా మీద గొంతు పెంచింది ఆ ఒక్కసారే.

"నా వుద్యోగం పోయింది. సంఘంలో నా సోటు పోయింది. ఇప్పుడు నువ్వు పుస్తకం కూడా మానీస్తానంటే, ఇదంతా దేనికయినట్టురా? కూకుని రాయి."

కూర్చున్నాను. రోజూ ఆఫీసునించి వచ్చి, అక్క ఎదురుగానే బల్ల ముందు కూర్చున్నాను. రైల్లో వచ్చిన వాక్యాలు ఒక్కటీ రాలేదు. గిన్నె అని రాసి కొట్టేసేవాణ్ణి. అక్క అడిగేది, ఎంతవరకూ వచ్చిందని. వస్తోందనేవాణ్ణి. నాలుగు నెలలూ గడిచాయి. పెద్దాయన రెండు ఉత్తరాలు రాశాడు, జవాబివ్వలేదు. నా చోటు ఇంకెవరికో ఇచ్చారని పత్రికలో చూశాను. ఆ వారం పత్రిక ఇంటికి తీసుకురాలేదు.

ఈలోగా అక్కకి పని దొరికింది. తను మాత్రలు తెచ్చుకున్న ఆసుపత్రిలోనే, అక్కడ ఉండిపోయిన రోగుల పిల్లలకి చిన్న బడి ఉంది. అక్కడికి వెళ్ళిపోయింది. ఎనభైలలో చాలా ఏళ్ళు అక్కడే ఉంది. ప్రతి ఉత్తరంలోనూ చివర ఒకటే ప్రశ్న, పుస్తకం ఎప్పుడొస్తుందని. నేను ప్రతి ఉత్తరంలోనూ ఒక అబద్ధం రాశాను. తిరగరాస్తున్నానన్నాను, ప్రెస్సులో ఆలస్యమన్నాను, కాగితం దొరకడం లేదన్నాను. నేను కల్పించి రాసినవాటిలో అందరూ నమ్మేటట్టు రాసినవి ఆ ఉత్తరాలే.

చివరిసారి చూడ్డానికి వెళ్ళేసరికి ఆవిడ గుండె జబ్బుతో మంచం మీద ఉంది. మంచం చుట్టూ పిల్లలు. పెద్దవాళ్ళు కూడా కొందరు, వేళ్ళు పోయిన చేతులతో, గోడవారన నిలబడి ఉన్నారు. నన్ను చూసి అందరూ దారిచ్చారు. నేనెవరో వాళ్ళకి తెలిసినట్టే ఉంది. ఒక ముసలాయన నా చేతిలోని సంచీ కేసి చూసి, "తెచ్చేరా బాబూ?" అని అడిగాడు.

నాకర్థం కాలేదు. అక్క నవ్వింది.

"అందరికీ సెప్పీసేన్రా. మా తమ్ముడు నా మీద పుస్తకం రాస్తన్నాడు, నా జబ్బు సంగతి కూడా దాసకుండా రాసేడు అని. వస్తే వీళ్ళకి సదివి వినిపిస్తానన్నాను."

సంచీలో బత్తాయిలున్నాయి. అవి తీసి మంచం మీద పెట్టాను. వచ్చేనెల వస్తుందక్కా అన్నాను. అక్క తల ఊపి, గోడవారనున్నవాళ్ళతో, "వచ్చినెలంట" అని గట్టిగా చెప్పింది.